నీ చూపు చల్లగుండ

తల్లీ, పొలిమేర తల్లీ! ఊరి చివర వేపచెట్టు కింద కూర్చుని రాకపోకలు కనిపెట్టే పోలేరమ్మకు మొక్కి బండెక్కినవాళ్ళ మనవలం మేము. ఇప్పుడు శంషాబాదులో, గన్నవరంలో, విశాఖలో, రేణిగుంటలో, సోదా గుమ్మం తల్లివైన నీకు మొక్కి విమానం ఎక్కుతున్నాం. నీ ఎదుట జేబులు దులుపుతాం, బెల్టు విప్పుతాం, ఫోను, పర్సు, గడియారం ట్రేలో పెట్టి, చేతులు చాచి నిలబడతాం. ఏ గుడిలోనూ మేం ఇంత వినయంగా నిలబడలేదు. నీ మీద నమ్మకం ఉంది కనుకే ఈ స్తోత్రం మొదలుపెడుతున్నాను. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రనాయకుణ్ణి కాసుల పురుషోత్తమ కవి పొగుడుతూనే నిలదీశాడు. ఆ దేవుడు లేడనుకుని కాదు, ఉన్నాడనుకునే అలా అడిగాడు. నువ్వు ఉండాలనే నేనూ అడుగుతున్నాను.

నువ్వు ఊరికే పుట్టలేదు. 1976 సెప్టెంబరు 10న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేసి లాహోరుకు తీసుకుపోయారు. ఆ తర్వాత వేసిన పాండే కమిటీ సిఫారసు మీద 1978 జనవరిలో, పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) కింద ఒక చిన్న విభాగంగా కళ్ళు తెరిచావు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క ఐర్లండ్ తీరానికి దగ్గరలో, ఆకాశంలోనే పేలిపోయింది. అందులో ఉన్న 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు. 1987 ఏప్రిల్ 1న నిన్ను పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్) పేరుతో వేరే శాఖగా నిలబెట్టారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావలసిన ఐసీ 814 కాందహార్ చేరింది. పెళ్ళయి నెల కూడా తిరగని కుర్రవాణ్ణి అందులో పొడిచి చంపారు. 2000లో జైపూరుతో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ చేతికి వచ్చింది. ఇన్ని చావుల మీద కట్టిన గుడి నీది. అది మరిచి నిన్ను ఆడిపోసుకునేవాళ్ళలో నేను లేను.

తెల్లవారుజామున మూడింటికి, నిద్ర కళ్ళతో తోసుకుంటున్న జనాన్ని ఒక్కొక్కరినీ విసుక్కోకుండా చూసి పంపే జవాన్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆడవాళ్ళ సోదాకు తెర కట్టిన చిన్న గది, అందులో సోదా చేసేది ఆడమనిషే అయ్యుండాలన్న నియమం నీ మర్యాదకు గుర్తులు. ఆ తెర వెనక రోజంతా నిలబడి వందల మందిని తడిమి పంపే కానిస్టేబులమ్మ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎవరిని ఎలా తడమాలో రాసి ఇచ్చిన చెయ్యి వేరే ఉంది. నేను మాట్లాడేది ఆ చేతితో.

ఏ దేశపు విమానాశ్రయంలో ఉన్నా నువ్వు నువ్వే. నీ జ్ఞాపకశక్తికి దండం. 2001 డిసెంబరులో పారిస్ నుంచి మయామీ వెళ్ళే విమానంలో ఒకడు బూటులో పేలుడు మందు పెట్టుకుని కూర్చున్నాడు. అతని పేరు మీద 2006 నుంచి 2025 జూలై దాకా అమెరికాలో విమానం ఎక్కినవాళ్ళలో చాలామంది చేత బూట్లు విప్పించావు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడింది. అప్పటి నుంచి చాలాచోట్ల 100 మిల్లీలీటర్లు దాటిన సీసా నీ బల్ల దగ్గరే ఆగిపోతోంది. పసిబిడ్డ పాలకు మినహాయింపు ఇచ్చావు, సంతోషం. ఒక్కడి నేరాన్ని కోట్ల మంది ఒంటి మీద గుర్తుపెట్టుకోవడం నీకు వచ్చు. కోట్ల మందిలో ఒక్కరికి నీ వల్ల జరిగిన అవమానం మాత్రం మరుసటి ప్రయాణానికే నీకు గుర్తుండదు. అదే మనిషి, అదే గుమ్మం, అదే అవమానం. ఈ మాట ఎందుకన్నానో కాసేపట్లో చెబుతాను.

నీ చూపు పదును ఇంకా గొప్పది. 2009 క్రిస్మస్ నాడు డెట్రాయిట్‌లో దిగబోతున్న విమానంలో ఒకడు లోదుస్తుల్లో దాచిన మందును పేల్చబోయాడు. అది సరిగ్గా పేలలేదు, తోటి ప్రయాణికులు అతన్ని పట్టుకున్నారు. ఆ వెంటనే అమెరికా విమానాశ్రయాల నిండా బట్టలు దాటి చూసే కళ్ళు పెట్టుకున్నావు. మనిషి యంత్రంలో నిలబడితే చాలు, ఒంటి తీరంతా వేరే గదిలో కూర్చున్న ఉద్యోగి ముందు తెర మీద కనిపించేది. ఎదిగే వయసు పిల్ల కావచ్చు, గర్భిణి కావచ్చు, కేన్సర్‌కు రొమ్ము తీయించుకున్న మనిషి కావచ్చు. మా వాళ్ళకు చీర చాటున, తెర చాటున, తలుపు చాటున మాత్రమే ఉండే సంగతులు అవి. ఆ బొమ్మలు దాచబోమని నీ తరఫున పదే పదే మాట ఇచ్చారు. ఎపిక్ అనే పౌరహక్కుల సంస్థ పట్టుబట్టి కాగితాలు బయటికి లాగితే, పరీక్షల అవసరానికి బొమ్మలు దాచే, పంపే సదుపాయం ఆ యంత్రాల్లో ఉండి తీరాలని కొనేటప్పుడు నువ్వే షరతు పెట్టినట్టు తేలింది. విమానాశ్రయాల్లో దాన్ని వాడనివ్వం అన్నావు. ఫ్లోరిడాలోని ఓర్లాండో కోర్టు గుమ్మంలో వేరే శాఖవారు పెట్టిన అలాంటి యంత్రం 35,000కు పైగా బొమ్మలు దాచి ఉంచిన సంగతి 2010లో అదే సంస్థ బయటపెట్టింది.

2011 జూలైలో వాషింగ్టన్‌లోని అప్పీళ్ళ కోర్టు యంత్రాలను ఆపమనలేదు. జనాన్ని అడగకుండా ఇంత పని ఎలా చేశావు, నియమం ప్రకారం వాళ్ళ అభిప్రాయం అడిగి రా అని మాత్రం అంది. అడిగి, విని, తుది నిబంధన ప్రకటించేసరికి 2016 మార్చి వచ్చింది. ఒళ్ళు చూడటానికి నీకు కొన్ని సెకన్లు చాలు, ఆ ఒళ్ళున్నవాళ్ళ మాట వినడానికి నాలుగేళ్ళ ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఎక్స్‌రే రకం యంత్రాల్ని 2013లో తీసేయించావు. అసలు శరీరానికి బదులు అందరికీ ఒకే గీతల బొమ్మ చూపించి, అనుమానం ఉన్నచోట మాత్రం గుర్తు పెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆ యంత్రాల కంపెనీ గడువులోగా తయారు చేయలేకపోయింది. మిగిలిన రకానికి ఆ సాఫ్ట్‌వేర్ అమిరింది, ఇప్పుడు ఆ గీతల బొమ్మతోనే పని నడుస్తోంది. ఈ సంగతి నేను పదే పదే తలుచుకుంటాను. మానం కాపాడుతూనే ప్రాణం కాపాడే దారి ఉంది. ఆ దారి వెతకమని నువ్వు ఇంజనీర్లకు మొదటే చెప్పలేదు. జనం గోల పెట్టాక చెప్పావు.

అంత పదునైన చూపుకు ఆనకుండా పోయిందేమిటో 2015లో బయటపడింది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ పంపిన మనుషులు నకిలీ బాంబులు, ఆయుధాలు పెట్టుకుని వస్తే 70 ప్రయత్నాల్లో 67 సార్లు నిన్ను దాటి వెళ్ళిపోయారు. ఆ లెక్క పత్రికలకెక్కగానే నీ అధిపతిని అక్కడి నుంచి మార్చేశారు. మా మానం తీసుకుని నువ్వు మాకు తిరిగి ఇస్తానన్నది భద్రత. ఆ లెక్క చూశాక, ఇచ్చింది ఎంత, తీసుకున్నది ఎంత అని అడిగే హక్కు మాకు లేదంటావా?

నీ సమదృష్టికి దండం. 2010 డిసెంబరులో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో మన రాయబారి మీరా శంకర్‌ను పక్కకు పిలిచి ఒళ్ళు తడిమించావు. ఆమె దౌత్యవేత్తనని చెప్పినా వినలేదు. ఆ రోజు ఆమె చీర కట్టుకుని ఉన్నారు. 2011 సెప్టెంబరులో న్యూయార్కులో, విమానంలో కూర్చున్న మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం కోటు, బూట్లు తీయించి పరీక్షకు తీసుకువెళ్ళారు. హైదరాబాదు డీఆర్‌డీఎల్‌లో ఏళ్ళ తరబడి కూర్చుని ఈ దేశానికి క్షిపణులు తయారు చేసిన మనిషి ఆయన. ఆయన దాన్ని వివాదం చేయలేదు. తర్వాత అమెరికా క్షమాపణ చెప్పింది.

రాయబారి గురించి, రాష్ట్రపతి గురించి అడగడానికి ఒక దేశం ఉంది. కూతురి పురిటికి డాలస్ వెళ్ళే మా గుంటూరు పెద్దమ్మ గురించి ఎవరడుగుతారు? ఆరు గజాల మడతలు, జడపిన్నులు, మెడలో నల్లపూసలు, రెండేళ్ళ కిందట మార్పించుకున్న మోకాలిలో లోహం, వీటిలో ఏది మోగినా ఆమె పక్కకు వెళ్ళి నిలబడాలి. ఎక్కడ చెయ్యి వేయబోతున్నదీ ముందుగా చెప్పాలని నీ నియమం. ఆ ప్రకారమే అక్కడి ఉద్యోగిని ఇంగ్లిషులో చెబుతుంది. పెద్దమ్మకు ఇంగ్లిషు రాదు. ఏదో మర్యాద మాట అనుకుని తల ఊపుతుంది, మరుక్షణం బిగుసుకుపోతుంది. కావాలంటే తలుపు వేసిన గది అడిగే హక్కు తనకుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. దిగాక కూతురు ప్రయాణం ఎలా జరిగిందమ్మా అని అడిగితే, బాగానే జరిగిందంటుంది. అలా దాచుకున్న మాటలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో నీ రిజిస్టర్లలో ఎక్కడా ఉండదు.

మన దేశంలో మాత్రం నీ సమదృష్టికి ఒక అంచు కట్టావు. విమానం ఎక్కేముందు సోదా అవసరం లేనివాళ్ళ జాబితా ఒకటి నీ దగ్గర ఉంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, ఇలా హోదాల వరుస. ఏ పదవీ లేకుండా సొంత పేరుతో ఎక్కిన రాబర్ట్ వాద్రా అందులో ఏళ్ళ తరబడి ఉండి, 2015 సెప్టెంబరులో గానీ దిగలేదు. చుట్టూ కాపలా ఉన్న మనిషికి మళ్ళీ సోదా ఎందుకన్న వాదన నాకు అర్థమవుతుంది. నా బాధ వేరు. సోదా నియమాలు మార్చగలిగిన చేతులన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి. చేతులు చాచి నిలబడే అనుభవం వాళ్ళకు లేదు. ఆ వరుసలోని ఒక్క మంత్రిని కృత్రిమ కాలితో నీ గుమ్మం దాటించి చూడు, నియమం ఆ నెలలోనే మారుతుంది.

కృత్రిమ కాలు అన్నాను కదా. నీ నిష్ఠ ఎలాంటిదో చెప్పాలంటే మా మయూరి సంగతి చెప్పాలి. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదం తర్వాత సుధా చంద్రన్ కుడి కాలు తీసేయవలసి వచ్చింది. జైపూర్ కాలు పెట్టించుకుని, నెత్తురు ఓడేలా సాధన చేసి, ఆ అమ్మాయి మళ్ళీ గజ్జె కట్టింది. ఆమె కథతోనే, ఆమెనే నాయికగా పెట్టి సింగీతం శ్రీనివాసరావు 1985లో ‘మయూరి’ తీశారు. తెలుగువాళ్ళు ఆమెను తమ ఇంటి పిల్లను చేసుకున్నారు. ఆ నటనకు జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ గుర్తింపు వచ్చింది. కాలు పోయిన మనిషి కాలు మీద నిలబడటం అంటే ఏమిటో మా తరానికి ఆమె వల్ల తెలిసింది.

2021 అక్టోబరులో ఆమె ఒక వీడియో పెట్టింది. ప్రధానమంత్రిని ఉద్దేశించి మాట్లాడింది. వృత్తి పని మీద విమానం ఎక్కవలసి వచ్చిన ప్రతిసారీ నువ్వు ఆపుతున్నావని, కృత్రిమ కాలు విప్పి చూపమంటున్నావని చెప్పింది. పేలుడు పదార్థాల జాడ పట్టే యంత్రంతో పరీక్షించండని ఎన్నిసార్లు బతిమాలినా వినడం లేదంది. ఆ యంత్రం నీ బల్ల మీదే ఉంటుంది. చిన్న గుడ్డముక్కతో ఆ కాలిని తుడిచి అందులో పెడితే, కొన్ని సెకన్లలో మందు జాడ ఉందో లేదో చెబుతుంది. లాప్‌టాప్‌కు, సంచికి ఆ పరీక్ష సరిపోతుంది. ఆమె కాలికి మాత్రం సరిపోలేదు. పెద్ద వయసువాళ్ళకైనా ఏదో ఒక కార్డు ఇవ్వండి, పదే పదే ఈ నరకం తప్పించండి అని కంట తడితో అడిగింది. దేశమంతా తెలిసిన ముఖం, దేశమంతా తెలిసిన కాలు. ఆ కాలు మీద సినిమా తీశారు, పురస్కారం ఇచ్చారు, పాఠం చెప్పుకున్నారు. నీ గుమ్మం దగ్గర మాత్రం ఆమె ప్రతిసారీ కొత్త అనుమానం.

మరునాడే సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. తప్పనిసరి పరిస్థితుల్లోనే కృత్రిమ అవయవం తీయించాలన్నది తమ నియమమనీ, ఏం జరిగిందో విచారిస్తామనీ అంది. నియమం అంత మంచిదైతే ఆమె ప్రతిసారీ ఎందుకు విప్పవలసి వచ్చింది? కాగితం మీద ఉన్న దయ గుమ్మం దగ్గరికి రావడానికి ఎవరు అడ్డం? ఆ డిసెంబరులోనే దివ్యాంగుల హక్కుల కార్యకర్త జీజా ఘోష్ కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు, కృత్రిమ అవయవాలు తీయమని అడగకూడదనీ, దివ్యాంగుల్ని ఎత్తి మోసి సోదా చేయడం అమానుషమనీ, మనిషి గౌరవం నిలిచేలా నియమాలు ఉండాలనీ చెప్పింది. 2024 ఆరంభంలో కోల్‌కతా విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో ఉన్న ఒక యువతి, తనను లేచి నిలబడమని మూడుసార్లు అడిగారని బయటపెట్టింది. నిలబడలేననే కదా ఆమె కుర్చీలో వచ్చింది. నీ నిష్ఠ అలాంటిది తల్లీ. సుప్రీంకోర్టు చెప్పినా చెదరలేదు.

ఈ మధ్య నీకు మా ముఖాల మీద మమకారం కలిగింది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో డిజి యాత్ర మొదలైంది. 2023లో హైదరాబాదుకు, విజయవాడకు వచ్చింది. 2024 సెప్టెంబరులో విశాఖలో మన కింజరాపు రామ్మోహన్ నాయుడే పౌర విమానయాన మంత్రిగా ప్రారంభించారు. ఆధార్‌తో గుర్తింపు సరిచూసుకుని, ఫోనులో సెల్ఫీ దిగి, బోర్డింగ్ పాస్ జతచేసి పంపితే, గుమ్మం దగ్గర కెమెరా వైపు చూడగానే తలుపు తెరుచుకుంటుంది. చంటిబిడ్డను ఎత్తుకుని, సామాను తోసుకుంటూ, కార్డు కోసం సంచీ వెతుక్కునే తల్లికి అది నిజమైన ఉపకారం. కాగితం మీద నువ్వు ఇచ్చిన మాటలూ మంచివే. మా వివరాలు ఒక పెద్ద కొట్టులో పోగెయ్యవు, మా ఫోనులోనే ఉంచుతావు. విమానాశ్రయానికి చేరినవి విమానం వెళ్ళిన 24 గంటల్లో చెరిపేస్తావు. ఇష్టమున్నవాళ్ళే చేరవచ్చు. ఈ మాటలు నిజంగా నిలబడాలని నేను కోరుకుంటున్నాను. నిలబడితే ప్రపంచంలో చాలా విమానాశ్రయాలకు నువ్వే దారి చూపుతావు.

ముందు ఇష్టం అన్న మాట చూడు. బోర్డింగ్ పాస్ చూడాలని తీసుకుని, ఇటు చూడండి అని కెమెరా వైపు తిప్పి, చెప్పాపెట్టకుండా పేరు చేర్చేస్తున్నారని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. చేరడం తప్పనిసరి కాదని 2024 జనవరిలో మంత్రిత్వశాఖ మళ్ళీ చెప్పుకోవలసి వచ్చింది. ముఖం ఇచ్చినవాళ్ళకు ఖాళీ గుమ్మాలు పెంచి, ఇవ్వనివాళ్ళకు ఒకటి రెండు గుమ్మాలు మిగిల్చి వాటి ముందు క్యూ పెరగనిస్తే, బలవంతం అన్న మాట వాడకుండానే బలవంతం జరిగిపోతుంది. విమానం తప్పిపోతుందేమోనన్న భయంలో ఇచ్చిన ఒప్పుకోలును ఒప్పుకోలు అంటావా?

చెరిపేస్తానన్న మాటా అంతే. భద్రత అవసరాన్ని బట్టి ఆ గడువు మార్చుకునే వెసులుబాటు, భద్రతా సంస్థలకు వివరాలు చూపే వెసులుబాటు నీ విధాన పత్రంలోనే రాసుకున్నావు. నడిపేది డిజి యాత్ర ఫౌండేషన్. లాభాపేక్ష లేని కంపెనీ, అందులో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ వాటా 26 శాతం, మిగతా 74 శాతం హైదరాబాదుతో సహా ఐదు విమానాశ్రయాల కంపెనీలది. ప్రభుత్వం పిలిచి ముఖం ఇమ్మంటుంది, ఇచ్చాక సమాచార హక్కు చట్టం కింద ప్రశ్న వేయబోతే అది ప్రభుత్వ సంస్థ కాదన్న గోడ ఎదురవుతుంది. 2024లో పాత యాప్ తీసేసి కొత్తది వేసుకోమన్నారు. పాతదానికి ఇచ్చిన నా వివరాలు ఏమయ్యాయని అడిగే ప్రయాణికుడికి నీ గుమ్మం దగ్గర జవాబు చెప్పే మనిషి లేడు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023 ఆగస్టులో చట్టం చేశారు, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద ప్రభుత్వం తన సంస్థల్లో దేనికైనా ఆ చట్టం నుంచి మినహాయింపు ప్రకటించుకునే సందు అందులోనే ఉంచారు.

ఇంకొక మాట, దీన్ని ఎవరూ పెద్దగా అనుకోరు. ముఖం ఇచ్చి లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ చేతులు చాచి నిలబడాలి, మళ్ళీ తడిమించుకోవాలి. కెమెరా చెప్పేది ఇతను ఫలానా అని మాత్రమే. ఇతని జేబులో ఏముందో అది చెప్పదు. మరి ముఖం ఎందుకు తీసుకున్నట్టు? క్యూ తొందరగా కదలడానికి. అది సౌకర్యం, కాదనను. సౌకర్యాన్ని భద్రత పీట మీద కూర్చోబెట్టి మొక్కమంటేనే నాకు చేతులు రావు.

నువ్వు పుట్టిన నెలలోనే, 1978 జనవరి 25న, ఢిల్లీలో నీకు తోబుట్టువు ఒకతి పుట్టింది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఎందుకని ఆమె అడిగితే ప్రజా ప్రయోజనం అన్నారు, కారణాలు చెప్పడం ప్రజా ప్రయోజనం కాదన్నారు. సుప్రీంకోర్టు ఆ జనవరిలో, మనిషి స్వేచ్ఛను తగ్గించే పద్ధతి చట్టంలో ఉంటే చాలదనీ, అది న్యాయంగా, సబబుగా ఉండాలనీ, అవతలి మనిషి మాట వినాలనీ తీర్పు చెప్పింది. ఒకే నెలలో ఈ దేశం రెండు పనులు చేసింది. ప్రయాణికుణ్ణి ఆపి చూసే అధికారానికి ఒక శాఖ పెట్టింది. ఆపినవాళ్ళు జవాబు చెప్పాలని ఒక తీర్పు ఇచ్చింది. ఇద్దరూ కలిసి పెరగవలసినవాళ్ళు. నిన్ను పాలుపోసి పెంచారు. ఆ తోబుట్టువును కోర్టు గుమ్మంలో కూర్చోబెట్టి, పిలిచినప్పుడే రమ్మన్నారు.

2015 జనవరి 11న గ్రీన్‌పీస్ కార్యకర్త ప్రియా పిళ్ళై లండన్ వెళ్ళడానికి ఢిల్లీ విమానాశ్రయానికి వెళ్ళింది. మధ్యప్రదేశ్‌లోని మహాన్ అడవుల్లో బొగ్గు తవ్వకం గురించి బ్రిటన్ పార్లమెంటు సభ్యులతో మాట్లాడటానికి వెళ్తోంది. చేతిలో చెల్లే వీసా ఉంది. ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆపి వెనక్కి పంపారు. ఆపింది నీ జవాన్లు కారు, ఇమ్మిగ్రేషన్ అధికారులు. అయినా ప్రయాణికుడికి గుమ్మం గుమ్మమే. మార్చి 12న ఢిల్లీ హైకోర్టు ఆమె మీద జారీ చేసిన లుకౌట్ సర్క్యులర్‌ను కొట్టేసింది, ప్రభుత్వానికి నచ్చని అభిప్రాయం చెప్పడం నేరం కాదంది. విమానం వెళ్ళిపోయిన రెండు నెలలకు ఆమెకు న్యాయం అందింది. 2017 ఆగస్టు 24న జస్టిస్ పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. దాన్ని తాకాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, తాకేది ఆ అవసరానికి మించకూడదు. గుడ్డముక్కతో తేలే అనుమానానికి కాలు విప్పించడం మించడమే. ఇది నా మనసుకు తట్టిన మాట కాదు, ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం పెట్టిన కొలత.

తల్లీ, నీకు చేయలేనిది లేదు. చీర మడతలో పిన్ను పట్టుకోగలవు, గుడ్డముక్క మీది రేణువులో మందు వాసన పట్టగలవు, వేల ముఖాల్లో ఒక ముఖం గుర్తుపట్టగలవు. ఇంత చేతనైనదానికి నేను కోరేది చిన్నది. కత్తెర, లైటరు, చాకు తేవద్దని నీ గుమ్మాల్లో బొమ్మలతో సహా పెద్ద బోర్డు పెట్టావు. మాకు అర్థమైంది, తేవడం మానేశాం. దాని పక్కన అంతే పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఇంకొక బోర్డు పెట్టించు. తెర ఉన్న గదిలో సోదా అడగవచ్చని రాయించు. కృత్రిమ కాలికి, చేతికి మొదట గుడ్డముక్క పరీక్షేనని, అది తేడా చెబితేనే తర్వాతి మాటని రాయించు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళను లేవమని అడగబోమని రాయించు. ముఖం ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వనివాళ్ళ గుమ్మం ఇదిగో, ఇచ్చినది ఫలానా గంటకు చెరుగుతుంది, చెరగకపోతే ఫలానా నంబరుకు చెప్పండి అని రాయించు. ఎవరినైనా ఆపితే కారణం కాగితం మీద రాసి ఇస్తామని కూడా. అడుగున ఒక అధికారి పేరు ఉండాలి, సంతకం ఉండాలి.

మొదట శంషాబాదులో పెట్టించు. గన్నవరం వాళ్ళు, విశాఖ వాళ్ళు చూసి రాసుకుంటారు.